మెడ మీది నలుపు

పోయినేడాది మాఘమాసంలో మా ఆడబిడ్డ కూతురి పెళ్లి. పెళ్లికి రెండు రోజుల ముందు మా అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టి తలంటు పోస్తున్నాను. అప్పటికి ఆరో తరగతి, పదకొండేళ్లు నిండాయి. జుట్టు పైకి ఎత్తి చూస్తే మెడ వెనకంతా నల్లగా ఉంది. చేత్తో తడిమితే కొంచెం మందంగా, మఖమల్ గుడ్డలా తగిలింది. స్నానం సరిగ్గా చేయట్లేదు, మురికి పేరుకుపోయింది అనుకున్నాను.

శనగపిండిలో పెరుగు, నిమ్మరసం కలిపి రుద్దాను. పోలేదు. పీచు తీసుకుని రుద్దాను. "అమ్మా, మండుతోంది" అంది. "మండనీ. పెళ్లిలో నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? తల్లి పట్టించుకోవట్లేదు అనరూ?" అన్నాను. చర్మం ఎర్రగా కందిపోయింది కానీ నలుపు మాత్రం అలాగే ఉంది. పిల్ల ఏడుస్తూనే ఒళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

పెళ్లిలో ఇంకో పని చేశాను. ఫొటోకి అందరం నిలబడుతుంటే, "నువ్వు పెద్దమ్మ వెనకాల నిలబడమ్మా" అన్నాను. ఎందుకన్నానో అప్పుడు ఆలోచించలేదు. నెల తర్వాత ఆల్బమ్ వచ్చింది. ఆ ఫొటోలో మా అమ్మాయి ముఖం సగమే ఉంది. నేను మాత్రం నిండుగా నవ్వుతూ ఉన్నాను.

మార్చిలో దగ్గు తగ్గకపోతే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఛాతీ చూశారు, గొంతు చూశారు, తర్వాత జడ పక్కకి జరిపి మెడ చూశారు. "ఇది ఎప్పటి నుంచి ఉంది?" అన్నారు. "ఎంత రుద్దినా పోవట్లేదు సార్" అన్నాను. ఆయన నావైపు ఒక్క క్షణం చూసి, "రుద్దితే పోదమ్మా. ఇది మురికి కాదు" అన్నారు.

దానికి అకాంథోసిస్ నైగ్రికాన్స్ అని పేరుందట. ఒంట్లో కొవ్వు ఎక్కువైనప్పుడు ఇన్సులిన్ మాట శరీరం సరిగ్గా వినదు. వినట్లేదని ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారవుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ వల్ల చర్మంలోని కణాలు మామూలు కన్నా వేగంగా పెరిగి మెడ వెనక, చంకల్లో, మడతలు పడే చోట ఇలా నల్లగా, మందంగా తయారవుతుంది. లోపల ఉన్న సంగతిని చర్మం బయటికి చెబుతోందన్నమాట. నేను ఆ చెప్పే నోటిని పీచు పెట్టి తోముతున్నాను.

బరువు 52 కిలోలు, ఎత్తు 142 సెంటీమీటర్లు. బరువుని మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎమ్ఐ. మా అమ్మాయిది దాదాపు 26. పెద్దవాళ్లకి ఒకే లెక్క ఉంటుంది కానీ పిల్లలకి వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి గీతలు మారుతాయి. డాక్టరుగారు చార్టు తీసి పెన్నుతో చుక్క పెట్టి చూపించారు. పదకొండేళ్ల ఆడపిల్లకి అధిక బరువు గీత ఒకటి, దాని పైన ఊబకాయం గీత ఒకటి. చుక్క ఆ పై గీత కన్నా పైన పడింది. రక్త పరీక్షల్లో థైరాయిడ్ బాగానే ఉంది. షుగరు మాత్రం అంచు మీద ఉంది.

"బరువు తగ్గించేయాలని పస్తులు పెట్టకండి. ఎదిగే పిల్ల. ఉన్న బరువు పెరగకుండా చూసుకుంటే చాలు, ఎత్తు పెరిగే కొద్దీ అదే సర్దుకుంటుంది. రోజుకి ఒక గంట ఒళ్లు కదలాలి. ఇంకో మాట, పిల్ల ముందు బరువు గురించి మాట్లాడకండి" అన్నారు. పిల్ల అక్కడే కుర్చీలో కూర్చుని చేతిగోళ్లు చూసుకుంటోంది.

ఇంటికొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డిగ్రీలో తెలుగు చదువుకున్న దాన్ని కదా, మాటలు లెక్క పెట్టడం నాకో అలవాటు. మా పిల్ల పుట్టినప్పటి నుంచి ఇంట్లో వాడిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఏడాది వయసులో "బొద్దుగా ముద్దుగా ఉంది". మూడేళ్లకి "లడ్డూ". ఐదేళ్లకి "బొండాం". ఎనిమిదేళ్లు వచ్చేసరికి మాట మారింది. "కాస్త తగ్గాలమ్మా". పదేళ్లకి స్కూల్లో పిల్లలు పెట్టిన పేరు నేనిక్కడ రాయలేను. మనం ఎత్తుకుని ముద్దు చేసిన ఒళ్లే అది. బొద్దుకీ మొద్దుకీ ఒక్క అక్షరమే తేడా. ఆ తేడా ఎప్పుడు చెరిగిపోయిందో నేను చూసుకోలేదు.

మొదటి నెల నేను చేసినవన్నీ తప్పులే. బిస్కెట్లు, చిప్సు అన్నీ ఒక్కరోజులో ఇంట్లోంచి తీసేశాను. మేడ మీద స్కిప్పింగ్ మొదలుపెట్టించాను. పది గెంతులకే ఆయాసం. పక్క మేడ మీద పిల్లలు నిలబడి లెక్క పెడుతూ నవ్వారు. నాలుగో రోజు కాలు నొప్పి అంది. ఐదో రోజు కడుపు నొప్పి. రెండు వారాల తర్వాత పరుపు దులుపుతుంటే మంచం కింద బిస్కెట్ పాకెట్ల కాగితాలు దొరికాయి. మడిచి, మడిచి, చిన్న చిన్న పొట్లాల్లా చేసి దాచింది. నా బిడ్డకి నేను తిండి దొంగతనం నేర్పించానన్నమాట.

అత్తమ్మ ఇంకో పక్క. "ఎదిగే పిల్లను గట్ల మాడుస్తవా? పిల్ల ముఖం పీక్కపోయింది సూడు" అని ఆవిడ నెయ్యి వేసి ముద్దలు కలిపి పెట్టేవారు. ఆవిడ తప్పు కాదు. కరువు చూసిన మనిషి. ఆవిడ లెక్కలో పిల్ల ఒళ్లు చేసిందంటే ఇల్లు చల్లగా ఉన్నట్టే. ఆయనేమో పొద్దున నాచారం పారిశ్రామికవాడలో డ్యూటీకి వెళితే రాత్రికి గానీ రారు. వచ్చేటప్పుడు పాప కోసం బేకరీలో ఎగ్ పఫ్, దిల్ పసంద్ పట్టుకొచ్చేవారు. రోజంతా కనపడని నాన్నకి ప్రేమ చూపించడానికి దారిలో దొరికేది అదే.

ఏప్రిల్ చివర్లో ఎదురింటావిడ ఒక మాట చెప్పింది. ఉప్పల్లో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో రిటైరైన టీచరమ్మ ఒకావిడ వేసవి సెలవుల్లో పిల్లలకి యోగా నేర్పుతున్నారని. నాకు పెద్ద నమ్మకం లేదు. యోగా అంటే కళ్లు మూసుకుని కూర్చోవడం, దాంతో ఏం కరుగుతుంది అనుకున్నాను. అయినా ఇంట్లో నా అరుపులు, దాని ఏడుపు కన్నా నయమని పొద్దున్నే స్కూటీ తీశాను. నాచారం నుంచి చిలకానగర్ మీదుగా ఉప్పల్ వెళ్లే దారి మీకు తెలిసే ఉంటుంది. పొద్దున ఆరింటికైతే పావుగంట. తొమ్మిది దాటితే ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఎంతసేపైనా పట్టొచ్చు.

మొదటి రోజు హాలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల పదిహేను మంది పిల్లలున్నారు. "నేను రాను. అందరూ చూస్తారు" అంది. టీచరమ్మ బయటికొచ్చారు. అరవై దాటి ఉంటాయి. మా పిల్లని ఎగాదిగా చూడలేదు, ఎన్ని కిలోలు అని అడగలేదు. "ఎవరూ చూడరమ్మా. మన దగ్గర సగం సేపు కళ్లు మూసుకునే ఉంటాం కదా" అన్నారు. పిల్లకి నవ్వొచ్చింది. వెళ్లి గోడ పక్కన చాప పరుచుకుంది.

నేను బయట మెట్ల మీద కూర్చుని కిటికీలోంచి చూశాను. ముందు తాడాసనం. చేతులు పైకెత్తి మునివేళ్ల మీద నిలబడటం. తర్వాత వృక్షాసనం. మా అమ్మాయి కాలు రెండో తొడ దాకా రాలేదు. టీచరమ్మ వెళ్లి, "మడమ దగ్గరే పెట్టుకో, గోడ పట్టుకో. చెట్టు గోడ పక్కన కూడా పెరుగుతుంది" అన్నారు. కూర్చుని ముందుకి వంగేటప్పుడు పొట్ట అడ్డొస్తోంది. "కాళ్లు కొంచెం ఎడంగా పెట్టు, వీలైనంత వరకే వంగు" అన్నారు. సూర్య నమస్కారంలో కింద పడుకుని లేవడం కష్టమైతే కుర్చీ తెచ్చి, దాని మీద చేతులు ఆనించి చేయించారు. అన్ని ఆసనాలకీ ఏదో ఒక తేలిక దారి ఉంది. ఆ దారిలో వెళ్లిన పిల్లని తక్కువగా చూడటం మాత్రం లేదు.

స్కూల్లో పరుగు పందెం ఉంటుంది, దాంట్లో చివర వచ్చేది ఎవరో అందరికీ ముందే తెలుసు. ఖోఖోలో ముందు దొరికేది ఎవరో తెలుసు. జట్లు వేసుకునేటప్పుడు చివరిదాకా మిగిలేది ఎవరో తెలుసు. పీటీ పీరియడు ఉన్న రోజే మా పిల్లకి తలనొప్పి ఎందుకొచ్చేదో నాకు ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు అర్థమైంది. ఇక్కడ ఎవరి చాప వాళ్లది. మొదట వచ్చేవాళ్లు లేరు కాబట్టి చివర వచ్చేవాళ్లూ లేరు.

ఆఖర్లో శవాసనం, దానికి ముందు భ్రామరి. చెవులు మూసుకుని తుమ్మెదలా ఝుమ్మని ఊపిరి వదలడం. పదిహేను మంది పిల్లలు ఒక్కసారిగా ఆ శబ్దం చేస్తుంటే హాలంతా తేనెతుట్టెలా అయిపోయింది. మా అమ్మాయి ముఖం అంత నిదానంగా ఉండటం నేను చాలా రోజుల తర్వాత చూశాను. ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదిలితే గుండె వేగం తగ్గి ఒళ్లు నెమ్మదిస్తుందని టీచరమ్మ తర్వాత చెప్పారు. గట్టిగా పొట్ట ఎగరేసే కపాలభాతి లాంటివి, తలకిందులుగా నిలబడేవి ఆవిడ ఈ పిల్లలతో చేయించలేదు.

నాలుగో రోజు ఆవిడ నన్నూ లోపలికి పిలిచారు. "మెట్ల మీద కూర్చుని కాపలా కాస్తే అది దానికి పరీక్షలా ఉంటుంది. మీరూ చాప వేసుకోండి" అన్నారు. వేసుకున్నాను. వృక్షాసనంలో నేను మూడు లెక్కలు కూడా నిలబడలేక పక్కకి ఒరిగిపోయాను. మా అమ్మాయి గోడ పట్టుకుని పది లెక్కల దాకా నిలబడింది. నావైపు చూసి, "అమ్మా, గోడ పట్టుకోవచ్చు, తప్పు లేదు" అంది. అది నాతో మామూలుగా, కోపం లేకుండా మాట్లాడి ఎన్నాళ్లైందో.

ఇక తిండి సంగతి. టీచరమ్మ ఒకటే నేర్పారు. తినే ముందు పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుని ఐదుసార్లు ఊపిరి తీసి వదలాలి. ఇది ఆకలా, ఊసుపోకా, ఏడుపా, కోపమా అని తనని తానే అడగాలి. ఏ జవాబు వచ్చినా తినొద్దని మాత్రం ఎవరూ అనకూడదు. మొదట్లో నాకిది చాదస్తంలా అనిపించింది. ఒకరోజు సాయంత్రం మా పిల్ల ఫ్రిజ్ ముందు నిలబడి పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. కాసేపటికి తలుపు మూసేసి వచ్చి, "ఆకలి కాదమ్మా. ఇవాళ లెక్కల టెస్టులో తక్కువొచ్చాయి" అంది. పిల్ల చెప్పుకోలేని ప్రతి కష్టాన్నీ ఇన్నేళ్లూ నేను ఆకలి అనుకుని పెడుతూ వచ్చానా అనిపించింది.

మనం తార్నాక వైపు వెళ్లినప్పుడల్లా జాతీయ పోషకాహార సంస్థ గేటు కనిపిస్తుంది కదా. నేను ఇరవై ఏళ్లుగా బస్సులోంచి ఆ బోర్డు చదువుతూనే ఉన్నాను. లోపల ఏం చేస్తారో ఎప్పుడూ పట్టించుకోలేదు. 1918లో తమిళనాడులోని కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకి మెకారిసన్ అనే డాక్టరు మొదలుపెట్టిన చిన్న కేంద్రం అది. 1958లో హైదరాబాద్ వచ్చింది. అంటే ఒకప్పుడు తిండి చాలక వచ్చే జబ్బుల కోసం పుట్టిన సంస్థ. ఇప్పుడు అదే సంస్థ తిండి ఎక్కువై, తప్పుగా తిని వచ్చే జబ్బుల గురించి కూడా చెప్పాల్సి వస్తోంది. 2024లో వాళ్లు భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలు విడుదల చేశారు. మన దేశంలో మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం తప్పుడు తిండి వల్లే అని అందులో అంచనా వేశారు. ధాన్యాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతం మించకూడదట. మనం తినేది 50 నుంచి 70 శాతం దాకా ఉందట. రోజుకి 2000 క్యాలరీల తిండి తినే మనిషికి 400 గ్రాముల కూరగాయలు ఉండాలట.

నేను మా ఇంట్లో కూరగాయలు తూచి చూశాను. నలుగురికీ కలిపి అర కిలో వండుతున్నాను! కుక్కరు నిండా అన్నం, దాని మీద రెండు గరిటెల కూర. తప్పు పిల్ల నోటిది కాదు, నా గిన్నెలది. పెద్ద కుక్కరు పైన పెట్టేసి చిన్నది దించాను. కూర మూకుడు పెద్దది కొన్నాను. పచ్చిపులుసు, టమాటా పప్పు, ఆకుకూరలు, రాత్రిపూట జొన్నరొట్టె. కొత్తగా ఏమీ కొనలేదు, ఓట్స్ డబ్బాల జోలికి పోలేదు. జొన్నరొట్టె చేయడం మళ్లీ మొదలుపెట్టానని ముందు సంబరపడింది అత్తమ్మే. "మా తాన గివే తింటుంటిమి" అని పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని రొట్టె తట్టడం నేర్పారు.

కూల్ డ్రింకుల సంగతి ఆయనకి లెక్క వేసి చూపించాను. కోలా రకం 100 మిల్లీలీటర్లకి చక్కెర 10 గ్రాములు దాటుతుంది, సీసా వెనక రాసే ఉంటుంది. 300 మిల్లీలీటర్లంటే 30 గ్రాములు పైనే. పెద్దవాళ్లకే రోజంతటికీ 25 గ్రాముల లోపైతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గ్లాసులో ఏడు చెంచాల చక్కెర పోసి ఆయన ముందు పెట్టాను. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి జామకాయలు పట్టుకొస్తున్నారు. ఆదివారం ఎగ్ పఫ్ మాత్రం ఉంది. అందరం కలిసి, డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని, దాచుకోకుండా తింటాం.

అంతా ఇలా సాఫీగా సాగిందనుకుంటున్నారేమో, లేదు. జూన్ 21, అంతర్జాతీయ యోగా దినోత్సవం. స్కూల్లో అందరి చేతా ఆసనాలు వేయించారు. మా అమ్మాయి వారం ముందు నుంచీ ఉత్సాహంగా ఉంది. తనకి బాగా వచ్చిన పని అది. సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చింది. ఫొటోల్లో బాగుండదని ఆఖరి వరసలో నిలబెట్టారు. భుజంగాసనం వేస్తుంటే ఎవరో పిల్లవాడు ఏదో అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పిల్ల చాప చుట్టి అటక మీద పడేసింది. "నేనింక చేయను" అంది.

నాకు స్కూలు మీద కోపం వచ్చింది. మర్నాడే వెళ్లి మాట్లాడదామని చీర కూడా మార్చుకున్నాను. ఆఖరి వరస, ఫొటోలో బాగుండదు అన్న మాటలు ఎక్కడో విన్నట్టున్నాయి అనిపించి మళ్లీ కూర్చున్నాను. అల్మారాలోంచి పెళ్లి ఆల్బమ్ తీశాను. ఆ ఫొటో ఉన్న పేజీ తీసి పిల్ల పక్కన కూర్చున్నాను.

"ఈ ఫొటోలో నిన్ను వెనక్కి పంపింది నేనే కదూ" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు తెలుసమ్మా. నీకు నేనంటే సిగ్గు" అంది. అరవలేదు, ఏడవలేదు. టైమెంత అంటే చెప్పినట్టు చెప్పింది.

కాదని అనబోయాను. నోటిదాకా వచ్చింది. కానీ అబద్ధం ఆడితే పిల్లకి తెలిసిపోతుంది. "అవును, ఆ రోజు సిగ్గుపడ్డాను. తప్పు నాది, నీది కాదు. నలుగురు నన్నేమంటారో అని భయపడ్డాను. ఆ రోజు మెడ మీద అంత గట్టిగా రుద్దాను చూడు, అదీ తప్పే. నన్ను క్షమించు తల్లీ" అన్నాను. పిల్లని క్షమించమని అడగడం మన ఇళ్లల్లో అలవాటు లేదు కదా. నాకూ మొదటిసారే. అది నా ఒళ్లో తల పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అత్తమ్మ గుమ్మం దాకా వచ్చి చూసి, ఏమీ అడక్కుండా వెనక్కి వెళ్లిపోయారు.

మూడు వారాలు యోగా లేదు. నేను రమ్మనలేదు. పొద్దున్నే నేనొక్కదాన్నే మా వరండాలో చాప వేసుకుని చేసుకున్నాను. వృక్షాసనంలో పడుతూ లేస్తూ. నాలుగో వారంలో ఒకరోజు లేచి చూస్తే నా పక్కన ఇంకో చాప ఉంది. "నువ్వు తప్పు చేస్తున్నావమ్మా, చూపు ఒకే చోట పెట్టాలి" అంది. తర్వాత స్కూలుకి వెళ్లి నెమ్మదిగానే మాట్లాడాను, క్లాసు టీచరు విని నొచ్చుకున్నారు. కానీ అప్పటికే అసలు పని ఇంట్లో అయిపోయింది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. యోగాతో సన్నబడిందా? మీ దగ్గర దాపరికం ఎందుకు, లెక్క చెబుతాను. ఏడాది తర్వాత ఎత్తు 149 సెంటీమీటర్లు, బరువు 53 కిలోల 500 గ్రాములు. అంటే బరువు తగ్గలేదు, కిలోన్నర పెరిగింది. ఎత్తు 7 సెంటీమీటర్లు పెరిగింది. బీఎమ్ఐ దాదాపు 24. డాక్టరుగారి చార్టులో చుక్క ఊబకాయం గీత కిందికి దిగి, అధిక బరువు గీతకి పైన ఆగింది. షుగరు అంచు నుంచి లోపలికి జరిగింది. ఇంకా దారి ఉంది. ఒక్క యోగాతో ఇదంతా అయిందని నేను చెప్పను. యోగా నిదానంగా చేసే పని, దానితో కొవ్వు గబగబా కరిగిపోదు. పిల్లలకి రోజుకి 60 నిమిషాలు ఒళ్లు బాగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. అందుకని సాయంత్రాలు సైకిలు, సెలవు రోజుల్లో నాన్నతో షటిల్.

కానీ ఆ సైకిలు ఎక్కడానికి ధైర్యం ఇచ్చింది చాపే. స్కిప్పింగ్ తాడు పట్టుకుంటే ఏడ్చిన పిల్ల, తన ఒళ్లు తన మాట వింటుందని ముందు ఆ గోడ పక్కన తెలుసుకుంది. ఇప్పుడు గోడ లేకుండా ఒంటికాలి మీద ముప్పై లెక్కలు నిలబడుతుంది. రాత్రి పడుకునే ముందు భ్రామరి చేసుకుంటుంది, నిద్ర బాగా పడుతోంది. మంచం కింద కాగితాలు లేవు. నేను వెతకడం కూడా మానేశాను.

మన ఇంట్లోనే ఇలా జరిగిందని కుమిలిపోకండి. 2022 లెక్కల ప్రకారం ప్రపంచంలో 5 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో 39 కోట్ల మందికి పైగా అధిక బరువుతో ఉన్నారు. అందులో 16 కోట్ల మందిది ఊబకాయం. ఇన్ని కోట్ల మంది పిల్లలు బద్ధకస్తులు, ఇన్ని కోట్ల మంది తల్లులు చేతగానివాళ్లు అయ్యుండరు కదా. ఆడుకునే ఖాళీ స్థలాలు పోయాయి, వీధి చివర పాకెట్లు వచ్చాయి, పుస్తకాల మీద తలవంచి కూర్చోవడమే చదువైంది. దీనంతటి బరువూ పిల్లలే మోస్తున్నారు. దాని మీద మన మాటల బరువు కూడా ఎందుకు?

మొన్న ఆదివారం తలంటు పోశాను. జడ పైకి ఎత్తితే, మెడ మీద నలుపు పూర్తిగా పోలేదు కానీ పలచబడింది. ఆ మందం లేదు. నా చెయ్యి అక్కడ ఆగడం గమనించి, "రుద్దుతావా?" అంది.

"రుద్దను" అన్నాను. గోరువెచ్చటి నీళ్లు పోసి అరచేత్తో నిమిరాను.

మీ ఇంట్లో పిల్లల మెడ వెనక ఇలా నల్లగా కనిపిస్తే, సున్నిపిండి పక్కన పెట్టి ఒక్కసారి డాక్టరుకి చూపించండి. ఇంటికొచ్చాక పాత ఫొటోల ఆల్బమ్ కూడా ఒకసారి తీసి చూసుకోండి. మీ పిల్ల ఏ వరసలో ఉందో.